సెల్లు, బల్బు, మూరెడు వైరు: చిన్న తరగతుల్లో కరెంటు పాఠం

పిల్లలూ, మీరు కూడా చదవండి. చదవడం రాని తమ్ముడో చెల్లెలో ఉంటే చదివి వినిపించండి.

వచ్చే వారం నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో విద్యుత్తు పాఠం మొదలుపెడుతున్నాం. ఆ రోజుల్లో మీ పిల్లల సంచిలో ఒక టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, మూరెడు వైరు ఇంటికి వస్తాయి. "బడికి పంపితే వైర్లు తెచ్చుకుని ఆడుతున్నాడు, షాకు కొడితే ఎవరు చూసుకుంటారు సార్?" అని పోయిన ఏడు ఇద్దరు ముగ్గురు తల్లులు గేటు దగ్గరే నన్ను నిలదీశారు. వాళ్ళ భయం న్యాయమైనదే. అందుకే ఈసారి ముందుగానే రాస్తున్నాను. పిల్లలు ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, దేనికి భయం లేదు, దేని జోలికి పోకూడదు, అన్నీ ఇందులో ఉన్నాయి.

ముందు నా తప్పు ఒకటి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతికి ఈ పాఠం చెప్పాను. సెల్లుకు రెండు కొనలుంటాయి, రెండింటికీ వైర్లు తగిలిస్తే బల్బు వెలుగుతుంది అని బల్ల మీద చూపించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. పాఠం బాగా పోయిందని నేనూ సంతోషంగా ఇంటికి పోయాను. మరుసటి రోజు ఒక పిల్లవాడు చేతికి కట్టుతో వచ్చాడు. వాళ్ళ ఇంట్లో సెల్లు లేదట. గోడలో ప్లగ్గు పాయింటుకు కూడా రంధ్రాలున్నాయి కదా, సారు రెండు కొనలన్నారు కదా అని బల్బు వైర్లు రెండూ అందులో దూర్చాడు. బల్బు పగిలింది, ఫ్యూజు పోయింది, వేళ్ళు కమిలాయి. ప్రాణం దక్కింది, అదే చాలు. వాడు అల్లరి పిల్లవాడు కాదు. నేను చెప్పింది చెప్పినట్టు విన్నవాడు. నేను చెప్పనిది ఒక్కటే, సెల్లుకూ గోడకూ ఉన్న తేడా. ఆ తరువాత ఈ రెండింటినీ ఎప్పుడూ విడదీసి చెప్పలేదు. సెల్లు చేతికిచ్చిన రోజే గోడ సంగతి కూడా చెబుతాను.

అయితే అసలు ఈ పాఠమే వద్దు, పెద్దయ్యాక చూసుకోవచ్చు అంటారా? పిల్లలు పుట్టినప్పటి నుంచి కరెంటు మధ్యనే పెరుగుతున్నారు. ఫోను చార్జరు, మిక్సీ, బోరు మోటారు స్టార్టరు, అన్నీ వాళ్ళ చేతికి అందేట్టే ఉన్నాయి. పాఠం చెప్పకపోయినా చెయ్యి ఊరుకోదు. తెలియని చెయ్యి కంటే తెలిసిన చెయ్యి మేలు అని నా అనుభవం.

1.5కీ 230కీ మధ్య

టార్చి సెల్లు బలం 1.5 వోల్టులు. మన గోడలోది 230 వోల్టులు. అంకెలుగా చెబితే చిన్నపిల్లలకు ఇది ఎక్కదు. అందుకని కొలిపిస్తాను. 230ని 1.5తో భాగిస్తే 153 వస్తుంది. లావు సెల్లు ఒకటి ఆరు సెంటీమీటర్ల కంటే కాస్త పొడవు. అలాంటివి 153 వరసగా తలా తోకా తగిలేట్టు పెడితే తొమ్మిది మీటర్లు దాటుతుంది. మూడో తరగతి గదిలో నల్లబల్ల గోడ దగ్గర సుద్దముక్కతో గీత మొదలుపెడితే గుమ్మం దాటి వరండాలోకి పోతుంది. ఆ గీత అంతా సెల్లులే అనుకోండి, అదంతా కలిసి మీ వేలిని ఒక్కసారిగా తోస్తే ఎలా ఉంటుందో అదే గోడలోని కరెంటు అని చెబుతాను. గది అంతా నిశ్శబ్దం అయిపోతుంది. ఆ గీతను నాలుగు రోజులు చెరపనివ్వను.

ఒక సెల్లును చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. మన చర్మం ఎండి ఉన్నప్పుడు కరెంటును అంత తేలికగా పోనివ్వదు, 1.5 వోల్టుల బలానికి అది లొంగదు. కాబట్టి సంచిలో వచ్చే సామాను చూసి భయపడవద్దు.

బల్బు వెలిగించడం

మొదటి రోజు నేను ఏమీ చూపించను. ఒక సెల్లు, ఒక బల్బు, ఒక్కటే వైరు, ఈ మూడూ చేతికిచ్చి వెలిగించమంటాను. హోల్డరు ఇవ్వను, రెండో వైరు ఇవ్వను. ముందుగా ఎలా పెడితే వెలుగుతుందనుకుంటున్నారో బొమ్మ గీయమంటాను, ఆ తరువాతే చేసి చూడాలి.

దాదాపు సగం మంది ఒకే బొమ్మ గీస్తారు. సెల్లు తల మీద నుంచి ఒక వైరు, వైరు చివర బల్బు. అంతే. పైపు నుంచి నీళ్ళు వచ్చినట్టు సెల్లు నుంచి కరెంటు వచ్చి బల్బులో పడుతుందని వాళ్ళ ఊహ. చేసి చూస్తారు, వెలగదు. బల్బు పోయిందంటారు. పక్కవాడి బల్బు అడుగుతారు. అదీ వెలగదు. సెల్లు అయిపోయిందంటారు. ఈ పదిహేను ఇరవై నిమిషాలు గదిలో ఉండే గొడవ చూసి పక్క తరగతి టీచరు తొంగి చూస్తారు. తొంగి చూడనివ్వండి. ఈ పాఠంలో అన్నిటికంటే విలువైన సమయం ఇదే.

తరువాత ఎవరో ఒకరు, చాలాసార్లు వెనక బెంచీలో మాట్లాడని పిల్ల, బల్బును నేరుగా సెల్లు నెత్తి మీద నిలబెట్టి, వైరును సెల్లు అడుగుకు ఒక కొన, బల్బు పక్కనున్న మరలకు ఇంకో కొన తగిలిస్తుంది. వెలుగుతుంది. గది అంతా అటు పరిగెడుతుంది.

అప్పుడు బల్బును చేతిలోకి తీసుకుని చూడమంటాను. అడుగున ఒక చిన్న బొడిపె ఉంటుంది. పక్కన మరలు తిరిగిన లోహపు తొడుగు ఉంటుంది. గాజు లోపల కనిపించే సన్నని తీగ ఒక కొన బొడిపెకూ, రెండో కొన తొడుగుకూ అతికి ఉంటాయి. అంటే బల్బుకు కూడా రెండు గుమ్మాలు, సెల్లుకు రెండు గుమ్మాలు. ఒక గుమ్మంలో బయలుదేరి, బల్బు లోపలి తీగ గుండా పోయి, తిరిగి సెల్లు రెండో గుమ్మానికి చేరాలి. ఎక్కడా తెగకూడదు. ఈ చుట్టునే పుస్తకంలో విద్యుత్ వలయం అంటారు. ఈ ఒక్క మాట చేతివేళ్ళతో తెలిస్తే ఈ పాఠంలో ముప్పాతిక భాగం వచ్చినట్టే.

ఇంట్లో మీరు దయచేసి ముందే చూపించకండి. పోయిన ఏడు ఒక తండ్రి, ఆయన ఎలక్ట్రీషియన్, ఆదివారమే కొడుక్కు అన్నీ బిగించి చూపించి సోమవారం పంపారు. వాడు అందరికీ జవాబు చెప్పేశాడు. పాపం వాడికీ ఆనందం లేదు, మిగతావాళ్ళకూ లేదు.

అంగళ్ళలో పాతకాలపు టార్చి బల్బులు ఇప్పుడు దొరకడం తగ్గింది, అంతా ఎల్‌ఈడీలే. ఇంట్లో ఎల్‌ఈడీతో చేసేవాళ్ళు మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒక్క సెల్లుకు అది వెలగదు, ఎర్రదానికి కూడా దాదాపు 2 వోల్టులు కావాలి, కాబట్టి రెండు సెల్లులు వరసగా పెట్టాలి. దానికి తలకిందులు కుదరదు, పొడుగు కాలు సెల్లు బొడిపె వైపుకే రావాలి. అది కాలిపోకుండా మధ్యలో 100 ఓముల రెసిస్టరు ఒకటి పెట్టాలి, రేడియో, టీవీ బాగుచేసే అంగట్లో దొరుకుతుంది. మొదటి పాఠానికి మాత్రం తీగ కనిపించే పాత బల్బే మేలు, అందుకే బడిలో వాటిని దాచి ఉంచాను.

తాడు ఆట

వలయం తెలిశాక కూడా పిల్లల మనసులో రెండు తప్పు ఊహలు మిగులుతాయి. ఒకటి, రెండు వైపుల నుంచి కరెంటు వచ్చి బల్బులో గుద్దుకుంటుంది కాబట్టి వెలుగు వస్తుందని. రెండోది, బల్బు కరెంటును తినేస్తుందని. రెండోది పెద్దవాళ్ళలోనూ ఉంది. మనం రోజూ "కరెంటు ఖర్చయిపోయింది" అంటూనే ఉంటాం కదా.

దీనికి తాడు ఆట ఆడిస్తాం. పది పన్నెండు మంది పిల్లలు గుండ్రంగా నిలబడతారు. పొడవాటి నూలు తాడు రెండు కొనలూ ముడివేసి, అందరి చేతుల్లో వదులుగా పట్టిస్తాం. నేను ఒక చోట నిలబడి తాడును చేతుల మీదుగా లాగుతూ ఉంటాను. నేను సెల్లును. తాడు అందరి చేతుల్లోనూ ఒకేసారి కదులుతుంది. ఇప్పుడు ఎదురుగా ఉన్న ఒక పిల్లను తాడును కాస్త గట్టిగా పట్టుకోమంటాం. ఆమె బల్బు. తాడు ఆమె అరచేతిలో రాసుకుని వెచ్చబడుతుంది. "సార్, చెయ్యి కాలుతోంది!" అంటుంది. అప్పుడు అడుగుతాను, తాడు ఏమైనా తగ్గిందా? తగ్గలేదు. ఎంత తాడు ఆమె చేతిలోకి పోయిందో అంతా ఇవతలికి వచ్చింది. మరి ఖర్చయింది ఏమిటి? నా బలం. సెల్లులో అయిపోయేదీ అదే. (కొబ్బరి తాడు వాడకండి, చేతులు గీసుకుపోతాయి. ఒకసారి అయ్యింది.)

స్విచ్చి వేయగానే అంత దూరంలో ఉన్న లైటు ఎలా వెలుగుతుందని నాలుగో తరగతి పిల్లలు అడుగుతారు. దానికీ తాడులోనే జవాబు ఉంది. తీగలో కదిలే రేణువులు నిజానికి చీమ కంటే నెమ్మదిగా పోతాయి. కానీ తాడులాగే చుట్టంతా ఒకేసారి కదలడం మొదలవుతుంది కాబట్టి బల్బు వెంటనే వెలుగుతుంది.

మాటల్లో నమ్మని పిల్లలకు చేసి చూపించేది ఇంకొకటి ఉంది. ఒకే రకం బల్బులు రెండు ఒకే వరసలో కలపండి. మొదటిది తినేస్తే రెండోది తక్కువ వెలగాలి కదా? రెండూ సమానంగానే మసకగా వెలుగుతాయి. వాటిలో ఒకదాన్ని వదులు చేస్తే రెండోదీ ఆరిపోతుంది. జాతరలో కట్టే పాత సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే ఆ వరసంతా పోయేది ఇందుకే. అదే ఇంట్లో వంటింటి లైటు ఆపితే హాల్లో లైటు ఆరదు. ఇంటి వైరింగులో ప్రతి లైటుకూ దాని చుట్టు దానికే వేరుగా ఉంటుంది. అయిదో తరగతి పిల్లలు రెండు రకాలూ బిగించి చూపిస్తారు. సీరియల్ అనే మాటకు టీవీలో వచ్చేది కాకుండా ఇంకో అర్థం ఉందని అప్పుడే తెలుస్తుంది కొందరికి!

పెద్ద ఎత్తున చూసినా సంగతి ఇదే. మన హోసూరుకు ఎంతో దూరం లేని కోలారు బంగారు గనులకు 1902లోనే కావేరి మీద శివనసముద్రం నుంచి కరెంటు తెచ్చారు. మైసూరు దివానుగా కె. శేషాద్రి అయ్యర్ ఉన్నప్పుడు తలపెట్టిన పని అది. దాదాపు 150 కిలోమీటర్లు తీగలు లాగారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తరువాత, 1905లో. ఆ గనుల్లో చిత్తూరు, ఉత్తర ఆర్కాడు వైపు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు, తమిళులు ఎంతోమంది పనిచేశారు. మీ ఇంట్లో తాతగారో ముత్తాతగారో అక్కడ పనిచేసి ఉంటే పిల్లల చేత అడిగించి రాయించండి, ఆ కాగితం సైన్సు మూలలో అతికిస్తాం.

ఏది పోనిస్తుంది, ఏది పోనివ్వదు

వలయంలో ఒక చోట తెంపి, ఆ సందులో ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటీ పెట్టి చూడటం. బల్బు వెలిగితే ఆ వస్తువు వాహకం, వెలగకపోతే బంధకం. స్టీలు చెంచా, రూపాయి బిళ్ళ, పిన్నీసు వెలిగిస్తాయి. రబ్బరు చెప్పు, అట్ట, పసుపు తాడు, ప్లాస్టిక్కు పళ్ళెం వెలిగించవు. ఇవి అందరూ ముందే చెప్పేస్తారు. నాకు ఇష్టమైనవి మెలిక ఉన్నవి. పెన్సిలు కొయ్య పోనివ్వదు కానీ లోపలి నల్ల ముల్లు పోనిస్తుంది. చాక్లెట్టు కాగితం మెరిసే వైపు ఒక్కోసారి పోనిస్తుంది, ఒక్కోసారి పోనివ్వదు, మీద ప్లాస్టిక్కు పూత ఉందేమో చూడాలి. రంగు వేసిన మేకు మొదట పోనివ్వదు, గీకితే పోనిస్తుంది. రెండు రకాల గాజులు తెమ్మంటాను. గాజు గాజు పోనివ్వదు, ఇత్తడి గాజు పోనిస్తుంది. పేరు ఒకటే కదా అని పిల్లలు తెగ వాదిస్తారు. వస్తువును బట్టి కాదు, అది దేనితో చేశారన్నదాన్ని బట్టి అని వాళ్ళంతట వాళ్ళే తేలుస్తారు.

నీళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. గిన్నెలో నీళ్ళు పోసి వైర్లు ముంచితే టార్చి బల్బు వెలగదు. అప్పుడు పిల్లవాడు "నీళ్ళు బంధకం" అని రాసుకుంటాడు. చాలా ప్రమాదమైన రాత అది. టార్చి బల్బుకు ఎక్కువ కరెంటు కావాలి కాబట్టి వెలగలేదు గానీ, మన బోరు నీళ్ళు కరెంటును పోనిస్తాయి, 230 వోల్టులకు ఇంకా బాగా పోనిస్తాయి. మన ఒళ్ళూ అంతే. అందుకే పట్టికలో నీళ్ళకూ మనిషికీ ఎదురుగా పిల్లల చేత "పోనిస్తుంది" అని ఎర్ర సిరాతో రాయిస్తాను. బల్బు వెలగలేదు కదా సార్ అంటే, అందుకే ఎర్ర సిరా అంటాను.

గోడలోని కరెంటు

ఇక్కడ తల్లిదండ్రులు కాస్త నిదానంగా చదవండి.

"ఒక్క వైరుతో బల్బు వెలగదు" అని పిల్లలు నేర్చుకున్నారు. తెలివైన పిల్లవాడు అక్కడి నుంచి ఒక అడుగు ముందుకు వేస్తాడు. అయితే ఒక్క వైరు ముట్టుకుంటే నాకూ ఏం కాదు కదా? తీగ మీద పిచ్చుక కూర్చుంటుంది, దానికి ఏం కావడం లేదు కదా? ఈ ప్రశ్న అడిగిన పిల్లవాడికి కోపంగా "నోర్ముయ్" అని చెప్పకండి. అడిగాడు కాబట్టి బతికాడు అనుకోండి.

పిచ్చుక సంగతి నిజమే. దాని రెండు కాళ్ళూ ఒకే తీగ మీద ఉన్నాయి, తిరిగి పోయే దారి లేదు. కానీ మనం నేల మీద నిలబడతాం. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక కొనను భూమికి కలిపి ఉంటారు. అంటే మన కాళ్ళ కింద నేలే రెండో వైరు. ఒక్క తీగ ముట్టుకుంటే చాలు, చెయ్యి, ఒళ్ళు, కాళ్ళు, నేల, ట్రాన్స్‌ఫార్మరు, మళ్ళీ ఆ తీగ, ఇలా చుట్టు పూర్తవుతుంది. మధ్యలో బల్బు ఉండాల్సిన చోట మనం ఉంటాం. కాళ్ళు తడిగా ఉంటే దారి ఇంకా సులువు. తాడు ఆటలో ఆ చేతి మంట గుర్తున్న పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది.

పెద్దవాళ్ళు ఇంట్లో చూడవలసినవి కొన్ని. మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను లావుగా, పొడుగ్గా ఉంటుంది చూడండి. అది ఎర్తు. ముందుగా అది తగలాలి, చివరగా అది వదలాలి అనే దాన్ని పొడుగ్గా చేశారు. గ్రైండరు వైరుకు రెండు పిన్నుల ప్లగ్గు బిగించుకున్నా, ఆ పిన్ను విరిచేసినా, ఆ కాపుదల పోయినట్టే. ఇక ఫ్యూజు గానీ ఎం.సి.బి. గానీ వైరు కాలిపోకుండా కాపాడతాయి, మనిషి కోసం పెట్టినవి కావు. మనిషి కోసం పెట్టేది ఆర్.సి.సి.బి. అది చేసే పని వలయం పాఠమే. ఎంత కరెంటు పోయింది, ఎంత తిరిగి వచ్చింది అని ప్రతి క్షణం సరిచూస్తుంది. పోయినంత తిరిగి రాకపోతే మిగతాది ఎవరి ఒంటి గుండానో నేలలోకి పోతోందని కట్టేస్తుంది. ఇళ్ళకు 30 మిల్లీ ఆంపియర్లది పెడతారు. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్ళు టైల్సు ఖర్చులో కొంచెం తగ్గించి అయినా దీన్ని పెట్టించండి. మీ ఇంటి మెయిను బాక్సులో అది ఉందో లేదో తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ను అడగండి, దాని మీద ఒక పరీక్ష బటను ఉంటుంది.

మన ఊళ్ళలో చూస్తున్నవి చెబుతాను. బట్టలు ఆరేసే దండెం ఇనుప తీగతో కట్టి, దాని ఒక కొన సర్వీసు వైరు పోయే పైపుకో కరెంటు స్తంభానికో ముడివేస్తారు. వానలో వైరు తోలు చిరిగితే దండెమంతా కరెంటే. ఇవాళే విప్పేసి నైలాను తాడు కట్టండి. అడవి అంచు ఊళ్ళలో పందులు, ఏనుగులు రాకుండా తోట కంచెకు దొంగతనంగా కరెంటు పెడతారు. అది నేరం, ఏనుగులే కాదు మనుషులూ పోయారు. పూల తోటలకు, మోటారు దగ్గరకు పిల్లల్ని పంపి "స్టార్టరు నొక్కి రా" అనడం మానండి. తడి మట్టిలో ఉత్త కాళ్ళతో వెళ్ళేది వాళ్ళే కదా.

పిల్లలూ, మీకు మూడే మాటలు. గోడలో ఉన్న ఏ రంధ్రంలోనూ ఏదీ పెట్టకూడదు. తెగి కింద పడిన తీగ కనబడితే దగ్గరకు పోకుండా, ఇంకెవరినీ పోనివ్వకుండా, పెద్దవాళ్ళను కేక వేయాలి, వాళ్ళు ఈబీ వాళ్ళకు చెబుతారు. ఎవరికైనా షాకు కొడుతుంటే, అది అమ్మయినా సరే, ముట్టుకోకూడదు. మెయిను ఆపమని అరవాలి. ఈ మూడోది చెప్పేటప్పుడు ప్రతి ఏడూ ఒకరిద్దరు పిల్లల కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి. అయినా చెబుతాను. ఒకరిని లాగబోయి ఇద్దరు పోయిన ఇళ్ళు ఉన్నాయి. పెద్దవాళ్ళు ముందు మెయిను ఆపండి. అది అందకపోతే ఎండిన చెక్క మీద నిలబడి ఎండిన కర్రతో వైరును నెట్టండి, వెంటనే 108కి ఫోను చేయండి.

మాటల సంగతి

మన బడిలో అయిదు దాటాక కొందరు తమిళ మాధ్యమానికి, కొందరు ఇంగ్లీషు మాధ్యమానికి పోతారు. "తెలుగులో వలయం, వాహకం అని నేర్చుకుంటే అక్కడ ఏం పనికొస్తుంది?" అని అడిగే తల్లిదండ్రులున్నారు. ఇంట్లో మనం అనేది కరెంటు, తెలుగు పుస్తకంలో విద్యుత్తు, తమిళ పుస్తకంలో మిన్సారం. వలయాన్ని తమిళంలో మిన్‌సుట్రు అంటారు. ఆ సుట్రు మన చుట్టే! మిన్ అనగానే మనకు మిణుగురు గుర్తొస్తుంది. వాహకాన్ని కడత్తి అంటారు. బెంగళూరు వైపు పోయిన పిల్లలకు కన్నడంలో వలయం విద్యుత్ మండలం అని కనబడుతుంది. చేత్తో చేసి తెలుసుకున్న సంగతికి ఇంకో పేరు తగిలించుకోవడం ఒక్క రోజు పని. సంగతే తెలియకుండా మూడు భాషల్లో పేర్లు బట్టీ పట్టిన పిల్లలను కూడా నేను చూశాను. వాళ్ళకు బల్బు ఇస్తే ఎక్కడ తగిలించాలో తెలియలేదు.

సొంత భాషలోనూ మోసపోయే చోట్లు ఉన్నాయి. "రాగి తీగ గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది" అని చదివించి ముందుకు పోతుంటే ఒక పాప లేచి, "సార్, రాగులతో తీగ ఎలా చేస్తారు?" అంది. రోజూ రాగి సంకటి తినే ఇల్లు, ఆమెకు రాగి అంటే అదే. నేను నవ్వలేదు, నిజానికి సంతోషపడ్డాను. వైరు కొన మీద తోలు గీకి ఎర్రటి తీగ చూపించి, మీ నాయనమ్మ రాగి చెంబు ఇదే అన్నాను. అప్పటి నుంచి మొదటి రోజే ఒక రాగి చెంబు బల్ల మీద పెడుతున్నాం.

ఇంటికి వచ్చే సామాను

వైరును సెల్లు రెండు కొనలకూ నేరుగా తగిలించవద్దని చెప్పండి. మధ్యలో బల్బు లేకపోతే వైరు వేడెక్కి వేలు కాలుతుంది, సెల్లు కాసేపట్లో అయిపోతుంది. సెల్లును కోయడం, పొయ్యిలో వేయడం, ఎండలో కాచడం వద్దు. ఫోను బ్యాటరీలు, బైకు బ్యాటరీలు ఈ పనికి అసలు వాడవద్దు. వాటిలో అంటుకునే బలం ఉంది.

గడియారాల్లో, బొమ్మల్లో, రిమోట్లలో ఉండే గుండ్రటి బిళ్ళ సెల్లులు చంటిపిల్లలున్న ఇంట్లో తాళం వేసి పెట్టండి. మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. మింగినట్టు అనుమానం వచ్చినా సరే, అరటిపండు తినిపిస్తే పోతుందని చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

నిమ్మకాయతో కరెంటు చేస్తామని అయిదో తరగతి వాళ్ళు ఇప్పటి నుంచే అడుగుతున్నారు. చేద్దాం. ఒక్కొక్కరు ఒక రాగి ముక్క, ఒక జింకు పూత మేకు, ఒక నిమ్మకాయ తేవాలి. 1800లో ఇటలీలో వోల్టా చేసిన మొదటి బ్యాటరీ కూడా ఇలా రెండు లోహాలు, మధ్యలో ఉప్పునీటి తడితోనే పనిచేసింది. వోల్టు అనే మాట ఆయన పేరే. ఒక్క నిమ్మకాయకు వోల్టులో కాస్త తక్కువ వస్తుంది, టార్చి బల్బు వెలగదు. నాలుగైదు వరసగా కలిపితే ఎర్ర ఎల్‌ఈడీ చీకట్లో మసకగా కనిపిస్తుంది. ఆ నిమ్మకాయలు తరువాత పులిహోరకు వాడకండి, జింకు దిగి ఉంటుంది.

సామాను ఆ వారం శుక్రవారం తిరిగి తేవాలి. పోయిన బల్బుకు జరిమానా లేదు, ఎలా పోయిందో రెండు వాక్యాలు రాసి తెస్తే చాలు. మీ ఇంట్లో అయిపోయిన సెల్లులుంటే చెత్తలో పడేయకుండా పిల్లల చేత బడికి పంపండి. ఆఫీసు గది బయట డబ్బా పెట్టాం. పాత టార్చి బల్బులు, వాటి హోల్డర్లు మీ ఇంట్లో మూలన పడి ఉంటే అవీ పంపండి, మాకు ఇంకా ఇరవై వరకు కావాలి.